గింజలు ముందే ఉడికిన రోజు

"నా కుండ పొయ్యి మీంచి ఎవరు దించారో అది చెప్పు ముందు" అంది అనాసియా.

హత్య కేసులో తను లాకప్పులో ఉందని ఆవిడకు తెలుసు. మధ్యాహ్నం లారీ ఎక్కించి అరుషా జైలుకు పంపిస్తారనీ తెలుసు. అయినా ఆవిడ ప్రాణమంతా మొన్న అరెస్టయినప్పుడు వదిలేసి వచ్చిన కుండ చుట్టూ తిరుగుతోంది. భయపడ్డ మనిషి ఎప్పుడూ ఇంతే, పెద్ద సంగతి వదిలేసి చిన్నదాన్ని పట్టుకుంటుంది. అబద్ధం చెప్పేవాళ్ళు పెద్ద సంగతితోనే మొదలుపెడతారు. ఈ పోలీసు ఉద్యోగంలో నేను నేర్చుకున్నదేమైనా ఉంటే అదే.

"నీ కోడలు దించిందిలే అక్కా" అన్నాను, స్టూలు మీద కూలబడుతూ. నా మోకాళ్ళు మా పల్లం వాళ్ళందరి మోకాళ్ళ లాంటివే. కూర్చుంటే లేవవు, లేస్తే కూర్చోవు.

అరుషా దగ్గర మేరు కొండ వాలున మా ఊరు రెండుగా ఉంటుంది. మెరక మీద ఊట ఉంది. ఊట నీళ్ళు పైపులో వచ్చి సిమెంటు ట్యాంకులో పడతాయి, ట్యాంకు పక్కన కొట్టు పెట్టుకుని అనాసియా డబ్బాల లెక్కన ఆ నీళ్ళు అమ్ముతుంది. పల్లంలో బోరు ఉంది. నేను నడక నేర్చిన ఏడాది తవ్వారట. పల్లం పిల్లలందరం ఆ నీళ్ళు తాగే పెరిగాం. ఆ నీళ్ళలో ఫ్లోరైడు ఉందని మాకు ఎవరూ చెప్పక్కరలేదు. నోరు తెరిస్తే గోధుమరంగు పళ్ళే చెబుతాయి. ఫొటోలో నవ్వమంటే నేను ఇప్పటికీ పెదవులు బిగిస్తాను.

చనిపోయిన అమినియేలి ఎంబిసేదీ పల్లమే. ఫోన్లు బాగుచేసేవాడు. పాత ఫోన్ల ముక్కలతో, ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలతో నీటిపెట్టెలు తయారుచేశాడు. ఒక్కోటి ఒక కోడిపెట్ట ఖరీదు చెయ్యదు. పెట్టెలోంచి ఒక వైరు నీళ్ళలోకి దిగుతుంది. ఫ్లోరైడు హద్దులో ఉంటే పచ్చ దీపం, హద్దు దాటితే ఎర్ర దీపం. ఒక పెట్టె బోరు దగ్గర, ఒకటి ఊట ట్యాంకు దగ్గర తగిలించాడు. బోరు దగ్గర మొదటి రోజే ఎర్ర దీపం వెలిగింది, ఊట దగ్గర పచ్చ దీపం. బోరు మూసేసి ఊట నీళ్ళనే కిందికి తేవాలని ఊరి సభ కూడా పెట్టుకున్నారు.

సభ ఇంకా జరగకుండానే ఊట దగ్గర దీపం ఎర్రబడింది. తాతముత్తాతలు తాగిన ఊటకు విషమేమిటి, పెట్టెకే పిచ్చి పట్టిందని సగం ఊరు నవ్వింది. మిగతా సగం భయపడి ఖాళీ డబ్బాలతో తిరిగి వెళ్ళింది. బేరాలు పోయిన అనాసియా, పెట్టె చూడటానికి వచ్చిన అమినియేలిని పట్టుకుని అందరూ వింటుండగా ఆ డబ్బాతోనే నీ తల పగలగొడతానంది. మర్నాడు పొద్దున ట్యాంకు నిచ్చెన కింద, రాళ్ళ మీద, పగిలిన తలతో వాడు దొరికాడు. పక్కన, నీళ్ళు పరీక్షించడానికి వాడు వెంట తిప్పుకునే చేతిపెట్టె పడి ఉంది.

"ట్యాంకు ఎక్కావా అక్కా?"

"నేను ఎక్కితే నాకంటే ముందు ఆ నిచ్చెన పోతుంది దేవుడి దగ్గరికి."

"మరి ఆ రోజు నీ కొట్టు దగ్గర కొత్తగా ఏం జరిగింది? ఏదైనా సరే, చెప్పు."

ఆవిడ విసుగ్గా తల విదిల్చింది. దీపం ఎర్రబడిన రోజే దరిద్రమంతా మూటగట్టుకుని వచ్చిందని మొదలుపెట్టింది. బేరాలు పోయాయట. కోడలు అలిగిందట. చివరికి కుండలో గింజలు కూడా పగబట్టాయట. మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి ఎప్పటిలాగే పొయ్యి మీద పెడితే, ఉడకాల్సిన సమయానికి చాలా ముందే పేస్టులా అయిపోయాయట. మొగుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కూర పెట్టావా సబ్బు పెట్టావా అని పళ్ళెం తోసేశాడట.

నేను స్టూలు మీద కొంచెం ముందుకు జరిగాను. "మగాది ఎక్కువ పడిందేమో?"

"ఎన్నేళ్ళ నుంచి వండుతున్నానే నేను? అరచేతి గుంటలో పట్టేంత. ఎప్పుడూ అంతే. పక్కింటావిడదీ అదే ఏడుపు. ఆమె కూడా నా ట్యాంకు నీళ్ళే పట్టుకెళ్ళింది."

మగాది అంటే సోడా సరస్సుల ఒడ్డున గట్టిపడే చౌడు రాయి. కాస్త వేస్తే ఎంత మొండి గింజలైనా మెత్తబడతాయి. మా వంటిళ్ళలో ఉప్పు లేని రోజు ఉంటుంది గాని మగాది లేని రోజు ఉండదు. ఆ రాతి నిండా ఫ్లోరైడే ఉందని అమినియేలి ఇంటింటికీ తిరిగి మొత్తుకున్నాడు. ఎవరూ మానలేదు. నేనూ మానలేదు.

అనాసియా వేసింది ఎప్పుడూ వేసేంతే. మరి గింజలు పేస్టు అయ్యాయంటే, మగాది నీళ్ళలోనే ఉందన్నమాట. దీపం అబద్ధం చెప్పలేదు. ఎవరో నీళ్ళలో మగాది కలిపి దాన్ని ఎర్రబడేలా చేశారు.

"లారీ వస్తే ఎక్కనా, వద్దా?" అని అడిగింది ఆవిడ. అప్పటికి గాని ఆ గొంతులో వణుకు నాకు వినబడలేదు.

"ఎక్కమంటే ఎక్కు. కదిలే లోపు వస్తాను" అన్నాను. ఇలాంటి మాట ఇవ్వకూడదు. అలసట మనిషి చేత ఏవేవో అనిపిస్తుంది.

*

సాక్ష్యాల అలమారలోంచి అమినియేలి చేతిపెట్టెకు సంతకం పెట్టి తీసుకుని, అద్దె మోటారు సైకిలు వెనక కూర్చుని ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. నిచ్చెన చూడగానే ఏడుపొచ్చింది. పోలీసు శిక్షణలో నిచ్చెనలు ఎక్కడం నేర్పుతారు గాని, ఎక్కాక దిగడానికి మోకాళ్ళు ఎవరిస్తారు?

ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ ఎక్కాను. మూత పక్కకు జరిపి వైరు పైకి లాగాను. చెత్త అంటుకోకుండా వైరు కొసకు అమినియేలి ఒక గుడ్డ వల కట్టాడు. ట్యాంకు నీళ్ళు ఈపాటికి ఎన్నోసార్లు మారి ఉంటాయి, కాని వల మడతల్లో తెల్లటి పొలుసు గట్టిగా పట్టుకుని ఉంది. గోటితో గీకి కాగితంలోకి దులిపాను. తెలుపులో ఏవో నల్లటి నలకలు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాను. గడ్డిపోచ ముక్కలు, ఎండిన పేడ.

కిందికి దిగి ఊట పైపు నోటి దగ్గర గ్లాసు పట్టి చేతిపెట్టె వైరు ముంచాను. పచ్చ దీపం. అదే గ్లాసులో పొలుసు చిటికెడు వేసి కలిపాను. దీపం వెంటనే ఎర్రబడింది. చచ్చిపోయినవాడి వస్తువు ఇంత బాగా పనిచేస్తుంటే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"సెలవు అడిగినప్పుడే నొప్పి పుడతాయనుకుంటా అమ్మా, మీ మోకాళ్ళు. నిచ్చెన మాత్రం భలే ఎక్కారు."

ఇన్‌స్పెక్టర్ ఉరియో. పై ఆఫీసు నుంచి ఈ కేసు కోసమే దిగాడు. నా తమ్ముడి కంటే చిన్నవాడు, హోదాలో నాకంటే పెద్దవాడు. మా ఎర్రమట్టిలో కూడా అతని బూట్లు మెరుస్తూనే ఉంటాయి. అది ఎలా సాధ్యమో కనిపెట్టడం నా వల్ల కాలేదు.

చూసింది చూసినట్టు చెప్పాను. ఉరియో తెలివితక్కువవాడు కాదు, అదే నా బాధ. మొత్తం విని, గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి, మెల్లగా కింద పెట్టాడు.

"మగాది లేని ఇల్లు ఈ ఊళ్ళో ఒకటి చూపించండి. అనాసియా ఇంట్లో నేనే చూశాను, డబ్బాడు ఉంది. ఆవిడే వేసి ఉండొచ్చుగా?"

"తన కొట్టుకు తనే నిప్పు పెట్టుకుంటుందా సార్? దీపం ఎర్రబడితే మొదట పోయేది ఆవిడ బేరమే."

"పొరపాటున పడి ఉంటుంది."

"కుండలో పడితే పొరపాటు. ట్యాంకంతా ఎర్రబడాలంటే బస్తా కావాలి." కాగితం అతని ముందు పెట్టాను. "మీ ఇంట్లో మగాది ఎలా ఉంటుంది సార్?"

"నా భార్యను అడగాలి."

"ఆమె ఏరుకుని తెల్ల గడ్డలు కొంటుంది. ఇలా పేడ, గడ్డి కలిసినది చేత్తో కూడా ముట్టుకోదు. ఇది పశువులకు నాకడానికి పెట్టే మగాది. బస్తాల్లో అమ్ముతారు. అనాసియాకు కోడి తప్ప ఇంకేమీ లేదు."

ఉరియో కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"ఇంకో సంగతి. ఇది వేసినవాడు ఎప్పుడూ పొయ్యి ముందు నిలబడి ఉండడు. నిలబడ్డవాడికైతే, దీపం కంటే ముందు గింజలే బయటపెట్టేస్తాయని తెలిసేది. దీపాన్ని ఏమార్చాననుకున్నాడు. కుండ సంగతి ఆలోచించలేదు."

"చిక్కుడు గింజల్ని బోను ఎక్కిస్తారా కోర్టులో?" అన్నాడు. గొంతులో వెటకారం ఉంది గాని మునుపటంత లేదు. ఎందుకు వేసి ఉంటాడని అడిగాడు. ఊట కూడా ఎర్రబడితే ఊరు పెట్టెను నమ్మడం మానేస్తుందని, నమ్మడం మానేస్తే బోరు మూతపడదని చెప్పాను. అమినియేలి అనుమానం వచ్చి ట్యాంకు ఎక్కి ఉంటాడని, ఎక్కినప్పుడే ఆ మనిషి ఎదురై ఉంటాడని అన్నాను.

"బోరు మూస్తే పల్లం సగం ఏడుస్తుంది. అందులో సగం మందికి ఆవులున్నాయి. ఎవరి కొట్టంలో వెతుకుతారు?" ఉరియో టోపీ సర్దుకున్నాడు. "లారీ టైముకే బయల్దేరుతుందమ్మా. నాకు పేరు కావాలి. పేరు లేకపోతే ఆవిడ వెళ్ళిపోతుంది. నాకూ పైన సమాధానం చెప్పుకోవాల్సినవాళ్ళు ఉన్నారు."

నా దగ్గర పేరు లేదు. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. ఊరంతా అమినియేలి ఖననానికి పోగైంది. నేనూ అక్కడికే నడిచాను, వేరే దారి కనబడక.

*

అమినియేలి తండ్రిని ఊళ్ళో అందరూ బోరు పెద్దాయన అంటారు. నీటి సంఘానికి పెద్ద. ఆ రోజుల్లో ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, మనుషుల్ని కూడగట్టి, ఆ బోరు తవ్వించింది ఆయనే. దాని సిమెంటు గట్టు మీద, తడి ఆరకముందు మేకుతో గీసిన ఆయన పేరు ఇప్పటికీ ఉంది. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రార్థనలో ఆయన పేరు తలుచుకునేది, నీళ్ళ కోసం కొండెక్కే బాధ తప్పించాడని. ఆయన మాత్రం మెరక మనిషి. ఊట పక్కనే పుట్టి పెరిగి, పెళ్ళయ్యాక పల్లానికి దిగాడు.

వంగి, పెద్దలకు పెట్టాల్సిన దండం పెట్టాను. ఆయన నా తల మీద చెయ్యి ఆనించి, "వచ్చావా తల్లీ" అన్నాడు. వాళ్ళ ఇంటి అరటితోటలోనే గొయ్యి తవ్వి ఉంది. అమినియేలి స్నేహితులు పారల మీద చేతులు ఆనించి పక్కన నిలబడ్డారు. పాస్టరు ఇంకా రాలేదు.

చేతులు కడుక్కుందామని ఇంటి వెనక్కి వెళ్ళాను. కొట్టంలో ఆవు మెడ చాచి నా చెయ్యి నాకడం మొదలుపెట్టింది. నిచ్చెన ఎక్కిన చెమట ఇంకా ఆరలేదు. లాక్కుంటే వదలదు, మళ్ళీ చాస్తుంది. దాని వెనక మట్టిగోడ చూశాను. నాలుక అందినంత మేర పూత ఊడిపోయి, లోపలి కర్రలు బయటపడి ఉన్నాయి. తొట్టి పక్కన మగాది పెట్టే చెక్క పళ్ళెం నున్నగా ఖాళీగా ఉంది.

"ఎవరి చెయ్యి దొరికినా అంతే తల్లీ, ఏమనుకోకు." అమినియేలి తల్లి ఎలిపెండా చెంబుతో నీళ్ళు తెచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చేతులు మాత్రం అలవాటు ప్రకారం పని చేసుకుపోతున్నాయి. నా చేతుల మీద నీళ్ళు పోస్తూ తనే చెప్పుకుపోయింది. దుఃఖంలో ఉన్నవాళ్ళు పశువుల గురించి మాట్లాడతారు, అది తేలిక. "మగాది లేక గోడ తినేస్తోంది. మొన్నటికి మొన్న మా ఆయన కొత్త బస్తా తెచ్చాడు. అప్పుడే అయిపోయిందంటాడు ఈయన. అంత బస్తా ఎలా అయిపోయిందయ్యా అంటే కసురుకున్నాడు."

"ఎప్పుడు తెచ్చాడమ్మా?"

"ఊట దగ్గర దీపం ఎర్రబడింది చూడూ, దాని ముందు రోజు."

నీళ్ళు నా వేళ్ళ మీంచి జారిపోతూనే ఉన్నాయి. నాకు ఒక్కసారిగా ఇంటికి వెళ్ళి పడుకోవాలనిపించింది. ఈ ఉద్యోగంలో నిజం దొరికిన ప్రతిసారీ నాకు అదే అనిపిస్తుంది.

పెద్దాయన కొట్టం వైపు వచ్చాడు, పాస్టరు వచ్చాడని చెప్పడానికి. నేను కాగితం విప్పి చూపించాను. ఆయన దాన్ని చూశాడు, తర్వాత ఆవును చూశాడు, తర్వాత ఊడిన గోడను చూశాడు. ముఖంలో ఏ మార్పూ రాలేదు. భుజాలు మాత్రం కొంచెం కిందికి జారాయి.

"ఆ పెట్టెను చూసి జనం నవ్వాలనుకున్నాను, అంతే. వాణ్ణి చూసి కాదు. పెట్టెను చూసి."

"రెండోసారి ఎందుకు వెళ్ళారు?"

నీళ్ళు మారితే దీపం మళ్ళీ పచ్చబడుతుందని భయమేసి, మిగిలింది తీసుకుని వెళ్ళాడట. నిచ్చెన ఎక్కేసరికి కొడుకు పైన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో వైరు పెట్టుకుని.

"తిట్టాడా?"

"తిడితే బాగుండేది." ఆయన తన అరచేతిని చూసుకున్నాడు. "బస్తా చూశాడు, నన్ను చూశాడు, నవ్వాడు. 'నాన్నా, నీ పళ్ళెంత తెల్లగా ఉన్నాయో' అన్నాడు. అంతే తల్లీ. బస్తా లాక్కోబోయాడు. నేను తోశాను. ఈ చేత్తోనే తోశాను."

నా నాలుక నాకు తెలియకుండానే నా పళ్ళ మీదికి వెళ్ళింది. ఆయన మీద జాలేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఆయన చెడ్డవాడైతే నా పని ఎంత సులువయ్యేది. జీవితమంతా ఊరికి నీళ్ళిచ్చాననుకున్న మనిషికి, ఇచ్చింది నీళ్ళు కాదని కన్నకొడుకే వచ్చి చెబితే ఎవరు తట్టుకుంటారు? తట్టుకోవాల్సిందే. అయినా తట్టుకోవాల్సిందే.

"వాడి మీద మట్టి వెయ్యనీ" అన్నాడు. "తర్వాత నా కాళ్ళతో నేనే వస్తాను."

మాలో తండ్రి బతికుంటే మొదటి పిడికెడు తండ్రే వెయ్యాలి. సరేనన్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఎలిపెండా ఇంకా నా పక్కనే ఉందని. చెంబు ఖాళీ అయిపోయింది. ఆమె ఇంకా దాన్ని నా చేతుల మీదికి వంచే ఉంది.

*

పాస్టరు ప్రార్థన ముగించేసరికి తోట అంచున ఉరియో జీపు ఆగింది. నేను తల ఊపాను, ఆగమన్నట్టు. అడిగిన పేరు నాకు దొరికిందని అతనికి అర్థమైనట్టుంది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

శవపెట్టె గోతిలోకి దించారు. పెద్దాయన వంగి మట్టి తీసుకున్నాడు. చెయ్యి గోతి మీదికి చాచాడు.

ఎలిపెండా ముందుకొచ్చి ఆ మణికట్టు పట్టుకుంది. కేక పెట్టలేదు, ఏడవలేదు. మూసిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అరచేతిలోని మట్టి గోతికి అవతల దులిపేసింది.

"ఈ చేత్తో వద్దు" అంది.

తను వంగి మట్టి తీసుకుని తనే వేసింది. పాస్టరు పుస్తకం మూసేశాడు. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత చూపులు ఒక్కొక్కటిగా ఆ చేతి మీదికి వచ్చాయి. ఆయన దాన్ని దాచుకోలేదు. అలాగే గాలిలో ఉంచి నిలబడిపోయాడు, అది ఎవరిదో అన్నట్టు. అమినియేలి స్నేహితుడొకడు, ముందు పళ్ళన్నీ గోధుమరంగుకు తిరిగినవాడు, మట్టిలో దిగేసిన పారను పైకి లాగాడు. ఆ పక్కవాడూ లాగాడు. వెనక నుంచి ఎవరో చేత్తో తోసి గుంపును ముందుకు జరిపారు.

ఉరియో నా పక్కకు వచ్చేశాడు. అతని చెయ్యి నడుము దగ్గరికి పోతోంది.

"తుపాకీ వద్దు సార్" అన్నాను. "మీ లారీ ఎక్కడుంది?"

"స్టేషన్ దగ్గర. అనాసియాను ఎక్కించేశారు."

"ఆవిడను దించేసి లారీని ఇటు పంపమనండి, పెద్దాయన్ని ఎక్కించాలి. త్వరగా."

అతను ఫోను తీశాడు. నేను వెళ్ళి పెద్దాయనకు ముందు నిలబడ్డాను, పారల వైపు తిరిగి. వాళ్ళందరూ పల్లం పిల్లలే, నేను ఎత్తుకుని తిప్పినవాళ్ళూ ఉన్నారు వాళ్ళలో. ఫోనులో మాట్లాడుతూనే ఉరియో, మెరిసే బూట్లతో తవ్విన మట్టి తొక్కుకుంటూ వచ్చి, నా పక్కన నిలబడ్డాడు.